పన్నెండుతో భాగించండి

మా ఇంట్లో జీతం ఒక్కరిదే. ఆయన తెచ్చే ఆ డబ్బుతోనే ఇంటి లోను వాయిదా, అత్తయ్యగారి మందులు, పిల్లల ఫీజులు గడవాలి. ఖర్చుల పుస్తకం రాసేది నేను. దాని చివరి పేజీలు అప్పులవి. అక్కడ ఎవరికి ఎంత బాకీ అన్నదానికంటే ముందు, ఏ అప్పుకి నూటికి నెలకు ఎంత వడ్డీ పడుతోందో రాస్తాను. మన పెద్దవాళ్లు వడ్డీని చెప్పుకున్నది ఆ లెక్కలోనే: ముప్పావలా, రూపాయి, రెండు రూపాయలు. బ్యాంకు ఏడాదికి ఇంత శాతం అంటుంది, ఫైనాన్స్ కంపెనీ ఫ్లాట్ రేటు అంటుంది, కార్డు బిల్లులో మినిమమ్ డ్యూ ఒక్కటే పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. అన్నిటినీ ఒకే లెక్కలోకి దించితే గానీ జీతాన్ని ఏది తినేస్తోందో తెలియదు.

ఏడాది శాతాన్ని పన్నెండుతో భాగిస్తే, ఎనిమిదిన్నర శాతం ఇంటి లోను సుమారు డెబ్బై పైసల వడ్డీ. తొమ్మిది శాతానికి బంగారం పెడితే ముప్పావలా. ఊళ్లో నోటు రాసి రెండు రూపాయలకు తెచ్చిన లక్షకు ఏడాదికి 24,000 వడ్డీకే పోతుంది. క్రెడిట్ కార్డు బాకీకి మూడున్నర రూపాయలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పైగా బిల్లు పూర్తిగా కట్టకపోతే, ఆ తర్వాత కార్డు మీద కొన్న కిరాణా సరుకులకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

అన్నిటికంటే మోసపుచ్చేది ఫ్లాట్ రేటు. లక్ష రూపాయలు, మూడేళ్లు, 12 శాతం ఫ్లాట్ అంటే రూపాయి వడ్డీయే కదా అనిపిస్తుంది. వడ్డీ 36,000 కలిపి 36 నెలలకు పంచితే వాయిదా 3,778. కానీ అసలు నెలనెలా తీరుతూనే ఉంది. రెండేళ్లు గడిచేసరికి మన దగ్గర మిగిలింది లక్షలో సగం కూడా ఉండదు, వడ్డీ మాత్రం చివరి నెల వరకూ పూర్తి లక్ష మీదే కడుతున్నాం. సరిగ్గా లెక్క కడితే అది రూపాయి ముప్పావలా వడ్డీ.

ఇలా అప్పులన్నీ ఒకే లెక్కలో చూశాకే నా గొలుసు బ్యాంకులో పెట్టి కార్డు బాకీ తీర్చేశాం. బంగారం కుదువపెట్టడం మా వైపు నామోషీ. కానీ యాభై వేల కార్డు బాకీకి నెలకు 1,750 వడ్డీ పడుతుంటే, అదే యాభై వేలకు బంగారం మీద 375. మిగిలే 1,375 అసలుకు పోతుంది. దీనికి ఒకటే షరతు, ఆ కార్డు మళ్లీ బయటికి తీయకూడదు. నోటు బాకీకి ఎంత కట్టినా అప్పటికప్పుడే నోటు వెనక చెల్లు వేయించుకోవాలి, పూర్తిగా తీరిన రోజున నోటు చేతికి తీసుకోవాలి. ఆడపడుచు దగ్గర తెచ్చిన చేబదులుకు వడ్డీ లేదు, అయినా ఆవిడ ఇంట్లో అవసరం పడితే అదే ముందు తీర్చాలి. అక్కడ లెక్క వేరు.

ఇంటి లోను పెద్దది కాబట్టి దాన్నే ముందు వదిలించుకోవాలని చాలామంది ఆత్రపడతారు. రెండు రూపాయల అప్పు పక్కన ఉండగా డెబ్బై పైసల అప్పు తొందరగా తీర్చడం నష్టమని నా గట్టి అభిప్రాయం. అలాగే చేతిలో ఉన్నదంతా అప్పులకే ఊడ్చి ఇవ్వడం కూడా. ఒక్క జీతం మీద బతికే ఇంట్లో ఆ ఒక్కరూ జ్వరంతో పడుకుంటే మళ్లీ నోటు రాయాల్సిందే. రెండు నెలల ఇంటి ఖర్చు, ఆరోగ్య బీమా పక్కన పెట్టాకే మిగిలింది అప్పుకి.

2024 అక్టోబరు 1 నుంచి మంజూరైన వ్యక్తిగత, ఇంటి, బండి రుణాలకు బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. సంతకం పెట్టే ముందు ఆ కాగితం అడగండి. అందులో ఏపీఆర్ (ఫీజులతో కలిపి ఏడాదికి పడే శాతం) అని ఉన్న అంకెను పన్నెండుతో భాగించి, ఎన్ని రూపాయల వడ్డీయో ఇంట్లో అందరికీ చెప్పండి.