కొండెక్కని కెమెరా

మా షార్ట్ ఫిల్మ్‌లో చివరి రెండు నిమిషాలు చూసి నాన్న ఒక్కటే మాట అన్నాడు: "కొండ బాగా కనపడతా ఉంది. ఎక్కినట్టు మాత్రం లేదు అబ్బయా."

ఆ రెండు నిమిషాల కోసమే మేం గింబల్ అద్దెకి తెచ్చాం. కథ చిన్నది. ఆత్మకూరులో ఉండే ఒక రిటైర్డ్ ఉద్యోగి చాలా ఏళ్ల తర్వాత ఉదయగిరి వెళ్లి, వయసులో ఉన్నప్పుడు ఎక్కిన దుర్గం మళ్లీ ఎక్కుతాడు. ఆ మనిషి ఎవరో దాచక్కర్లేదు. నాన్న కొన్నేళ్లు ఉదయగిరిలోనే పనిచేశాడు. ఇప్పుడు ఆయన మోకాళ్లు సహకరించవు. ఆయన ఎక్కలేని కొండని ఆయనకి చూపిద్దామనుకున్నా. అందుకే చివరి షాట్‌లో పాత్ర కనపడదు. రాళ్లూ, మెట్లూ, కూలిన గోడలూ, చివర్లో కింద ఊరూ, అన్నీ అతని కళ్లతోనే చూస్తాం. షాట్ వెన్నలా వచ్చింది. "ప్రొఫెషనల్‌గా ఉంది రా" అని ఫ్రెండ్స్ అంటే పొంగిపోయాం.

నాన్న మాటకి రెండ్రోజులు అలిగాను. ఆ తర్వాత అసలు గింబల్ షాట్‌లోంచి ఏం తీసేస్తుందా అని ఆలోచించాను.

దాని లోపల ఉండేది నాలాంటి ఇంజినీర్లకి బాగా తెలిసిన ఫీడ్‌బ్యాక్ లూపే. కెమెరా ఎటు ఒరిగిందో జైరోస్కోపూ యాక్సెలరోమీటరూ క్షణక్షణం చెబుతుంటాయి. మూడు మోటార్లు దాన్ని వెనక్కి తిప్పుతుంటాయి. చెయ్యి వణికినా, మణికట్టు తిరిగినా ఆ తేడాని సున్నాకి లాగుతాయి. అయితే గింబల్ సరిచేసేది కోణాల్నే. అడుగు పడినప్పుడల్లా ఒళ్లంతా పైకీ కిందికీ ఊగే ఊపు దాని చేతిలో లేదు. గారెట్ బ్రౌన్ 1970ల్లో తయారుచేసిన స్టెడీక్యామ్‌కి స్ప్రింగుల చేయి పెట్టింది ఈ ఊపు కోసమే. మన చేతి గింబల్‌కి అది లేదు కాబట్టి మోకాళ్లు వంచి పిల్లిలా నడుస్తాం. అంటే గింబల్‌కి లొంగనిది సరిగ్గా మోకాలే. మేం దాన్నీ వదల్లేదు. మిగిలిన కాస్త ఊపునీ ఎడిటింగ్‌లో వార్ప్ స్టెబిలైజర్ పెట్టి తుడిచేశాం. నాన్న కొండలోంచి నాన్న మోకాళ్లు తీసేసి, తిరిగి ఆయనకే చూపించాం.

1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్న కోట ఇది. పైకి సైన్యం వెళ్లడానికి బండలు పగలగొట్టించి దారి వేయిస్తూ ఏడాదిన్నర ఇక్కడే గడిపాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. రాయలవారికి ఏడాదిన్నర పట్టిన పని మేం ఒక్కరోజు అద్దెతో కానిచ్చేశాం.

ఇదంతా స్టెబిలైజర్‌ని తిట్టడానికి చెప్పట్లేదు. అసలు దాని పేరు మోగింది మెట్ల మీదే. బ్రౌన్ తీసిన డెమోలో ఆయన స్నేహితురాలు ఫిలడెల్ఫియా మ్యూజియం మెట్ల మీద పరిగెడుతుంది. అది చూసిన దర్శకుడు అవిల్డ్‌సెన్ 'రాకీ'లో (1976) అవే మెట్లు వాడుకున్నాడు. అక్కడ కెమెరా తేలుతున్నా ఫ్రేములో రాకీ ఒళ్లు ఉంటుంది. మొదటిసారి ఆపసోపాలు పడుతూ ఎక్కిన మెట్లనే తర్వాత ఎగురుకుంటూ ఎక్కేస్తాడు. ఆయాసం మనిషిది, నిలకడ కెమెరాది. మన 'శివ' (1989) కూడా అంతే. స్టెడీక్యామ్ అనగానే తెలుగువాళ్లకి ముందు గుర్తొచ్చే సినిమా అది. కెమెరా ఎంత నున్నగా జారినా, కోపమూ భయమూ ఎదురుగా ఉన్న మొహాల్లో కనపడుతూనే ఉంటాయి.

కుబ్రిక్ 'ద షైనింగ్'లో (1980) సంగతి వేరు. ఖాళీ హోటల్ కారిడార్లలో పిల్లాడి మూడు చక్రాల సైకిల్ వెనకే నేలకి ఆనుకుని కెమెరా పోతుంది. ఆ వెంటపడేది ఎవరు? అడుగుల్లేవు, ఊపిరి లేదు. మనకి ఒళ్లు జలదరించేది అందుకే. కానీ అక్కడ కూడా కుబ్రిక్ నేలని వదులుకోలేదు. చక్రాలు చెక్క మీద గరగరలాడతాయి, తివాచీ మీదకి రాగానే గొంతు నొక్కినట్టు ఆగిపోతాయి. బొమ్మ ఇవ్వని గరుకుని శబ్దం ఇస్తుంది. మేమేమో శబ్దం మీద వయొలిన్ పరిచేశాం. మా షాట్‌లో ఒళ్లూ లేదు, అడుగుల చప్పుడూ లేదు. ఒక రిటైర్డ్ ఉద్యోగి చూపు అనుకుని దెయ్యం చూపు తీశాం.

ఎందుకిలా చేశామంటే, చవగ్గా కనపడతామన్న భయం. 'సినిమా బండి'లో (2021) ఆటోలో దొరికిన ఖరీదైన కెమెరా ఓ ఊరికంతా ఆశ పుట్టిస్తుంది. మనకిప్పుడు గింబల్ పుట్టించేదీ అదే ఆశ: డబ్బున్నవాళ్ల సినిమాలా ఉండాలి. దీనికి విరుగుడు కెమెరాని కావాలని ఊపడం కూడా కాదు. వెబ్ సిరీసుల్లో ఇద్దరు కూర్చుని కాఫీ తాగుతున్నా ఫ్రేము వణుకుతుంటుంది, అదీ అబద్ధమే. దార్దెన్ సోదరుల 'రొజెట్టా'లో (1999) చేతి కెమెరా ఊగుతుందంటే, ఉద్యోగం కోసం పరిగెత్తే ఆ పిల్లని అందుకోలేక ఊగుతుంది. ఊపుకైనా, నిలకడకైనా ఒక కారణం ఉండాలి. మోటారు ఆన్ చేసేముందు ఈ చూపు ఎవరిదని అడుక్కోవాలి. మేం అడుక్కోలేదు.

మళ్లీ కొండకి వెళ్లే సెలవులు ఎవరికీ లేవు. హార్డ్ డిస్క్‌లో పాత టేకులు వెతికాం. వాటిలో మూడోది పనికిరాదని పక్కన పడేశాం. కెమెరా పట్టుకున్నవాడు అలిసిపోయి, మోకాళ్లు వంచడం మర్చిపోయి, సగం దారిలో ఆగిపోయాడు. కెమెరా మైకులో వాడి రొప్పు వినపడుతోంది. వార్ప్ తీసేశాం, వయొలిన్ తీసేశాం, ఆ టేకే పెట్టాం. గింబల్ దాని పని అది చేసింది, బొమ్మ ఎటూ ఒరగలేదు. అడుగులు మాత్రం తెలుస్తున్నాయి.

పోయిన నెల ఆత్మకూరు వెళ్లినప్పుడు నాన్నకి చూపించాను. ఈసారి కొండ గురించి ఏమీ అనలేదు.

"ఆడ నిలబడినప్పుడు రెండు గుక్కలు నీళ్లు తాగుండాల్సింది" అన్నాడు.