అంటుకొనుటా, పట్టుకొనుటా? – జీవకణాల ఆసంజనం: తెలుగు పరిభాష పరిశీలన

కీలకపదాలు: విజ్ఞాన పరిభాష, ఆసంజనం, జీవకణం, బణువు, దేహానుకూల పదార్థం

‘అడ్హీషన్’ అనే మాటకు తెలుగు పాఠ్యగ్రంథాలు స్థిరపరచిన పదం ఆసంజనం. తలతన్యతను బోధించే పాఠంలో సంసంజనానికి జంటగా ఇది వస్తుంది. ఒకే పదార్థపు అణువుల మధ్య ఆకర్షణ సంసంజనం, భిన్న పదార్థాల అణువుల మధ్య ఆకర్షణ ఆసంజనం. నీరు గాజును తడపడాన్ని వివరించడానికి ఈ జంట చక్కగా సరిపోతుంది. (కొన్ని ముద్రణల్లో ఈ పదం హ్రస్వాదిగా ‘అసంజనం’ అని కనిపిస్తుంది. ఉపసర్గ పోయి నఞర్థం చేరడంతో అంటుకొనేది కాస్తా అంటుకొననిదవుతోంది.) ప్రాణమున్న కణం ఒక కృత్రిమ పదార్థం మీద నిలవడాన్నీ ఇదే మాటతో చెప్పవచ్చునా అన్నది పరిశీలించదగిన విషయం.

1997లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన సైబెస్మా, మైయర్ తదితరులు యూరిడోపిరిమిడినోన్ అనే రసాయన భాగాన్ని చిన్న గొలుసుల కొసలకు తగిలించారు. ఆ కొసలు నాలుగేసి హైడ్రోజన్ బంధాలతో తమంత తాము జతకూడి పాలిమర్‌లా ప్రవర్తించాయి. విడిపోయి మళ్ళీ కలవగల బంధాలివి. దెబ్బతిన్న కణజాలాన్ని తిరిగి పెంచడానికి ఇటువంటి పదార్థాన్ని ఆధారంగా వాడాలంటే మొదటి అడ్డంకి ఒకటే: ఉత్త పాలిమర్ మీద కణానికి సరైన పట్టు దొరకదు. ఫైబ్రోనెక్టిన్ ప్రొటీన్‌లో కణం గుర్తుపట్టే చోటు ఆర్జినీన్, గ్లైసీన్, ఆస్పార్టిక్ ఆమ్లం కీలకంగా ఉన్న పొట్టి వరుస అని 1984లో పియర్ష్‌బాకర్, రువొస్లాతి చూపారు. 2005లో ప్యాట్రిషియా డాంకర్స్ బృందం ఆ వరుస ఉన్న పెప్టైడ్‌కు, దానికి తోడ్పడే మరో పెప్టైడ్‌కు అదే జతకూడే కొసను తగిలించి పాలిమర్‌లో కలిపింది. కణాలు దానిమీద నిలిచి పరచుకొన్నాయి.

ఇక్కడ కణం చేసే పనిని గమనించాలి. దాని పొరలోని ఇంటిగ్రిన్లు ఆ వరుసను పట్టుకొంటాయి. లోపలి ఆక్టిన్ తంతువులు లాగి చూస్తాయి. ఆధారం గట్టిదా మెత్తదా అన్నదాన్ని బట్టి కణం ఆకారం, నడక మారుతాయి. పట్టు దొరకని కణాలు, అనేక రకాలలో, చనిపోతాయి. ఆసంజనం కర్తలేని మాట. ఇక్కడ జరుగుతున్నదానికి కర్త ఉంది.

ఈ భేదం తెలుగులో లేనిది కాదు. అమరావతి మహాచైత్యానికి పలనాటి సున్నపురాతి ఫలకాలను తాపడం చేశారు. ఫలకం తనంత తాను ఏమీ చేయదు, అతికిస్తే అతుకుతుంది. అదే పల్నాటి నేలలో మిరపనారు నాటిన రైతు మొక్క ‘అంటుకొంది’ అనడు. ‘వేరు పట్టింది’ అంటాడు. డాంకర్స్ ప్రయోగం చైత్యపు తాపడానికి కాక నారుమడికే దగ్గర. ‘అంటు’ను తీసుకోవచ్చునన్న వాదానికి అంటుకట్టడం అనే తోటపని మాట బలమిస్తుంది. అయితే అంటువ్యాధి, అంటరానితనం కూడా ఆ ధాతువువెంటే వస్తాయి. వైద్యపు మాటగా దాన్ని ఎంచుకోవడం సబబు కాదు.

చిక్కు క్రియతోనే ఆగదు. కణం భౌతికశాస్త్రంలో ఒకటి, జీవశాస్త్రంలో మరొకటి కనుక ‘జీవకణం’ అనక తప్పదు. బయోమెటీరియల్‌ను ‘జీవపదార్థం’ అంటే ప్రోటోప్లాజమ్ అన్న పాత అర్థం అడ్డువస్తుంది. ‘దేహానుకూల పదార్థం’ పొడవైనా నిజం చెబుతుంది. పాఠ్యగ్రంథాల ‘అణువు’ మాలిక్యూల్ కాగా, జనవ్యవహారంలోని అణుబాంబు, అణుశక్తి ఆటమ్‌కు చెందినవి. వేమూరి వేంకటేశ్వరరావు ‘బణువు’ను ప్రతిపాదించింది ఈ గందరగోళం తీర్చడానికే. పాఠ్యగ్రంథాలు దాన్ని స్వీకరించకపోవడం నష్టమే. సుప్రామాలిక్యులర్ పాలిమర్‌ను ‘బణుకూటమి పాలిమర్’ అనవచ్చు. కూటమి ఎప్పుడైనా విడిపోవచ్చునని, మళ్ళీ కలవవచ్చునని తెలుగు పాఠకునికి వేరుగా వివరించనక్కరలేదు.

ఇది పరిభాషాసంఘాల ముచ్చట మాత్రమే కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 2001 నుంచి, సున్నం వంటి క్షారాలు పడి పైపొర దెబ్బతిన్న కళ్ళకు జీవకణాలను పెంచి అమర్చింది. మంచి కంటిలో నల్లగుడ్డు అంచునుండి చిన్న ముక్క తీసి, ఉమ్మనీటి సంచి పొర మీద ఉంచి, పెరిగిన కణాల పొరను దెబ్బతిన్న కంటికి మార్చే పద్ధతి ఇది. 2011లో ప్రచురించిన పదేళ్ళ అధ్యయనంలో 200 కళ్ళలో 142 కళ్ళకు స్థిరమైన పైపొర ఏర్పడింది. ఉమ్మనీటి పొరలో కణానికి కావలసిన ప్రొటీన్లు ముందే ఉన్నాయి. కృత్రిమ పాలిమర్‌కు వాటిని మనిషి సమకూర్చాలి. సున్నపు బట్టీల పిడుగురాళ్ళ నుంచి వచ్చిన రోగి సమ్మతిపత్రంలో ‘ఆసంజన వైఫల్యం’ అని చదివితే తెలిసేదేమీ లేదు. ‘కణాలు పట్టుకోకపోవచ్చు’ అంటే తన కంటికి ఏమి కావచ్చునో తెలుస్తుంది.

‘పట్టు’కూ ఒక ఇబ్బంది ఉంది. పట్టుపురుగు దారంలోని ఫైబ్రోయిన్ కూడా జీవకణాలను పెంచే ఆధారంగా వాడుకలో ఉన్నదే. ‘పట్టు ఆధారం’ అన్నప్పుడు అది దారమా, పట్టుకోవడమా అన్న సందేహం తప్పదు. నామపదంగా ‘పట్టు’ను నిఘంటువుకెక్కించే ముందు ఈ శ్లేషను తీర్చాలి, క్రియగా ‘పట్టుకొను’ను వాడడానికి మాత్రం ఈ అడ్డు లేదు.