రెండో ఫోటో

మా పిడుగురాళ్ల సున్నానికి పేరు. బట్టీలోంచి దించిన రాయి కాలిందో లేదో తెలియాలంటే కాసిని నీళ్ళు పోస్తే చాలు. కాలిందయితే పొంగి, పగిలి, పిండవుతుంది. కాలకపోతే రాయి రాయిలాగే కూర్చుంటుంది. బట్టీ ముందు కూలీలు వరసగా నిలబడి ఫోటో దిగినంత మాత్రాన పచ్చిరాయి సున్నమైపోతుందని మా ఊళ్ళో ఎవరూ అనుకోరు.

ఢిల్లీలో మాత్రం అనుకున్నారు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఏడాదికి వంద రోజుల పని అడిగి తీసుకోవడం పల్లెటూరి కుటుంబానికి హక్కయింది. చెరువులో పూడిక తియ్యాలి, కాలువ బాగుపడాలి, చేసిన మనిషికి కూలి అందాలి. అసలు ఉద్దేశం ఇంతే. దొంగ మస్టర్లు రాసి డబ్బు తినేవాళ్ళూ పుట్టుకొచ్చారు, కాదనను. దానికి మందుగా 2021లో ఫోనులో హాజరు వేసే యాప్ తెచ్చి, 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనులకూ తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు పనిచోటనే కూలీల ఫోటో తీసి పంపాలి.

ఇక చూడండి తమాషా. పల్నాడు ఎండ సంగతి వేరే చెప్పాలా! వేసవిలో చీకటితోనే పోయి, కొలత ప్రకారం తవ్వేసి, ఎండ ముదరకముందే ఇల్లు చేరదామని చూస్తారు జనం. కూలి ఇచ్చేదీ తవ్విన కొలతను బట్టే. కానీ యాప్‌కి కొలతతో నిమిత్తం లేదు. మొదటి ఫోటోకీ రెండోదానికీ మధ్య గంటల ఎడం ఉండాలి. పని అయిపోయినా సరే, గడ్డపార పక్కన పెట్టి, చెట్టునీడ వెతుక్కుని రెండో ఫోటో కోసం కూర్చోవాలి. సిగ్నల్ దొరక్కపోయిందా, చేసిన పని చెయ్యనట్టే. ఈ బాధ చెప్పుకోవడానికే 2023లో కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రోజుల తరబడి కూర్చున్నారు.

పోనీ, దొంగలైనా ఆగారా? ఆగలేదని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే చెప్పింది. సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారట. ఫోటోకే మళ్ళీ ఫోటో తీసి పంపుతున్నారట. ఫోటోలో మనుషులు ఒక లెక్క, హాజరులో ఇంకో లెక్కట. అందుకని ప్రతి ఫోటోనూ పంచాయతీలో మనిషే కళ్ళారా చూడాలన్నారు. మనిషిని నమ్మక యంత్రాన్ని పెట్టారు, యంత్రాన్ని నమ్మలేక మళ్ళీ మనిషిని పెట్టారు. ఈ సందట్లో, పూడిక ఎంత తీశారమ్మా అని అడిగే తీరిక ఎవరికుంది?

నాకు యంత్రాల మీద కోపం లేదు. మిక్సీ వదిలి రోలు ముందు కూర్చునే ఓపిక నాకూ లేదు. కానీ పచ్చడి నాలిక్కి రాసుకుని చూడకుండా, మిక్సీ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి భోజనానికి పిలిచే ఇల్లాలిని నేనింతవరకూ చూడలేదు.

2025 డిసెంబరులో పాత చట్టం స్థానంలో పార్లమెంటు కొత్తది చేసింది. పనిదినాలు 125 అన్నారు, సంతోషం. బయోమెట్రిక్‌ తనిఖీ, కృత్రిమ మేధ కూడా అందులో చేరాయి. వాటితోపాటు కొలత టేపుకీ కాస్త విలువ ఉంటే బాగుండును. మా చుట్టుపక్కల పత్తి తీసిన ఆడకూతురికి చేనుగట్టునే కాటా వేసి, కిలోల లెక్కన కూలి ఇస్తారు. కాటా దగ్గర ఆవిడ ముఖం ఎవరూ చూడరు, పత్తి చూస్తారు. సర్కారుకీ ఆ చూపు రావాలి.