కొండగాలి - కథనం - కర్తవ్యం

గాలిని వర్ణించటం రచయితకు సులభమనిపిస్తుంది. నిజానికి అంతకంటె కష్టమైన వస్తువు అరుదు. గాలికి తనదంటూ రూపం లేదు. అది దేనిని తాకితే దాని కదలికే దాని రూపం. విశేషణాలు పేర్చినకొద్దీ గాలి మరింత దూరమవుతుంది. ఫ్రెంచి రచయిత, విమానచోదకుడు ఆంత్వాన్ ద సాంత్ ఎగ్జుపెరీ (1900-1944) ఈ ఇబ్బందిని స్వానుభవంతో గుర్తించినవాడు. ఆండీస్ పర్వతాల గాలుల్లో చిన్న విమానాలు నడిపిన తరానికి చెందిన ఆయన రచనల విలువను ఈ గుర్తింపు నుంచే అంచనా వేయవలసి ఉన్నది.

ఈ రచనలను ఖరగ్‌పూర్‌లోని న్యూ సెటిల్‌మెంట్‌లో కూర్చుని చదవటం వింతగా తోచవచ్చు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుంచి ఉద్యోగాలకై వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న రైల్వే పట్టణమిది. ఇక్కడ ఆండీస్ వంటి కొండలు లేవు. అయితే చెంతనే కలైకుండ వైమానిక స్థావరం ఉన్నది. వైశాఖ సాయంత్రాల్లో వాయవ్యదిశ నుంచి కాలబైశాఖి విరుచుకుపడుతుంది. మేఘం నుంచి చల్లని గాలి నిట్టనిలువుగా కిందికి దిగి, నేలను తాకి నలుదిక్కులా చిమ్మటం ఇక్కడివారు ఎరిగినదే. అన్నిటికంటె ముఖ్యంగా, రాత్రి డ్యూటీకి వెళ్లినవారికోసం ఎదురుచూడటం ఈ ఇళ్లకు కొత్త కాదు.

కొండగాలి ధర్మాన్ని ముందుగా గ్రహించాలి. గాలికి ఎదురుగా ఉన్న వాలు మీద గాలి పైకి ఎక్కుతుంది. శిఖరం దాటాక, చాటువాలు మీద జలపాతంలా కిందికి జారుతుంది. ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలచబడి ఇంజను శక్తి, రెక్కల పట్టు రెండూ తగ్గుతాయి. విమానం పైకెక్కే వేగం కంటె గాలి దిగే వేగం ఎక్కువైతే, ముక్కు పైకెత్తినా విమానం కిందికే పోతుంది. అందుకే అనుభవజ్ఞులైన చోదకులు శిఖరపంక్తిని సూటిగా కాక ఏటవాలుగా సమీపిస్తారు. వెనక్కు మళ్లే దారిని చివరిదాకా చేతిలో ఉంచుకుంటారు.

1930 జూన్‌లో ఆయన మిత్రుడు ఆన్రీ గియోమేకు అట్టి దారి దొరకలేదు. కిందికి నెట్టే గాలులకు చిక్కి, దియామాంతే సరస్సు చుట్టూ ఇంధనం అయిపోయేదాకా తిరిగి, మంచులో దిగాడు. ఐదు పగళ్లు, నాలుగు రాత్రులు నడిచి బయటపడ్డాడు. 1939లో వెలువడిన 'తేర్ దేజొమ్'లో ఈ వృత్తాంతానికి ప్రాణం పోసినది తుపాను కాదు, ఒక బీమా కాగితం. మనిషి కనబడకుండా పోతే, చనిపోయినట్లు చట్టం నిర్ణయించటానికి నాలుగేళ్లు పడుతుంది. అంతవరకు భార్యకు సొమ్ము రాదు. కనుక వేసవిలో తన శవం దొరికేందుకు వీలుగా, కనిపిస్తున్న ఒక బండ దాకానైనా చేరాలని గియోమే లేచాడు. లేచినవాడు నడుస్తూనే ఉన్నాడు. ఫించను కాగితాల విలువ తెలిసిన ఇంట్లో ఈ ఘట్టానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

అదే ఏడాది అమెరికాలో వెలువడిన ఆంగ్లప్రతి 'విండ్, శాండ్ అండ్ స్టార్స్'లో పెటగోనియా గాలితో తాను చేసిన పోరాటాన్ని రచయిత చెప్పుకొచ్చాడు. అక్కడ ఆయన మొదట తలచుకున్నది జోసెఫ్ కాన్రాడ్‌ను. 'టైఫూన్'లో కాన్రాడ్ అలల ఎత్తును కొలవక, ఓడ అడుగున చెల్లాచెదురైన కూలీల మూటలను చూపాడని ఆయన గమనించాడు. తన వంతు వచ్చినప్పుడు ఆయన చూపినది చేతులను. మొద్దుబారిన ఆ చేతులు చుక్కానిని పట్టుకునే ఉన్నాయో లేదో ఆయనకే తెలియదు. మన పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' కూడా ఈ మార్గంలోనిదే. 1952లో అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన ఆ కథలో తుపాను బలం తెలిసేది కూలిన చెట్ల వల్ల కాదు. ఒక రైల్వేస్టేషనులో, నియమబద్ధుడైన ఒక పెద్దమనిషికి బిచ్చగత్తె సాన్నిధ్యమే ఆసరా కావటం వల్ల.

2009 సెప్టెంబరు 2న నల్లమల అడవుల్లో హెలికాప్టరు కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా ఐదుగురు మరణించారు. తీవ్రమైన దిగుగాలిలో చిక్కి అదుపు తప్పటం కారణమని విచారణ సంఘం పేర్కొన్నది. చమురు పీడనపు హెచ్చరికకు సంబంధించిన పుట కోసం చోదకులు పుస్తకం వెతుకుతూ విలువైన నిమిషాలు గడిపారని కూడా నమోదు చేసింది. ప్రభుత్వ నివేదికలో అలంకారాలుండవు. అయినా తిరిగే ఆ పుటలు కాన్రాడ్ మూటల వంటివే. నిజాయితీగా రాసిన నివేదిక, మంచి సాహిత్యం ఒకచోట కలుస్తాయనటానికి ఇది తార్కాణం.

ఈ కొలతతో చూస్తే 1931 నాటి 'వోల్ ద నుయీ' నవలలో ఒక లోటు కనబడుతుంది. ఆండీస్ దాటివచ్చిన పెల్లెరాన్ తాను చూసినదానికి మాటలు వెతుక్కోవటం అందులోని ఉత్తమ ఘట్టం. కాని తుపానులో ఫాబియాన్ కనబడకుండా పోయినా, తరువాతి టపా విమానాన్ని పంపించే అధికారి రివియేర్‌ను రచయిత దాదాపు వీరుని స్థాయికి ఎత్తాడు. రాకపోకలు ఆగరాదన్న సూత్రాన్ని రైల్వే పట్టణం కాదనదు. అయితే ఆఫీసుకు వచ్చి నిలబడిన ఫాబియాన్ భార్యకు నవల ఇచ్చిన చోటు చాలా కొద్ది. న్యూ సెటిల్‌మెంట్ పాఠకుడు మొదట ఆగేది ఆమె దగ్గరే.

ఎనిమిదేళ్ల తరువాత గియోమే కథలో రచయిత ఆ లోటును పూరించాడనవచ్చు. అక్కడ కర్తవ్యం పై అధికారి ఆజ్ఞ కాదు. ఇంట్లో ఎదురుచూసే మనిషి. అందువల్లనే ఆ పుటల్లో గాలి నిజంగా వీస్తుంది.