ప్రవర్తనకు కొలత ఉంది, దిగులుకు ఏదీ?

సికింద్రాబాదులో 1984లో వెలసిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థకు ఇప్పుడు పేరు మారింది. బుద్ధిమాంద్యం గల మన దేశపు బాలల కోసం 1992లో ఆ సంస్థ నుండి రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ గార్లు ‘బేసిక్-ఎం.ఆర్.’ అనే ప్రవర్తనా మాపనిని వెలువరించారు. మొదటి భాగంలోని 280 అంశాలు పిల్లవానికి వచ్చిన నేర్పులను లెక్కిస్తాయి. రెండవ భాగంలోని 75 అంశాలు సమస్యాత్మక ప్రవర్తనను పది వర్గాలుగా పరిశీలిస్తాయి.

‘మందబుద్ధి’ అని ముద్రవేసి ఊరుకొనక, ఏమి చేయగలడో, ఏమి నేర్పవలెనో ఉపాధ్యాయునికి చూపడం దీని గొప్పతనం. అయితే ఒక లోపం చెప్పక తప్పదు. కొట్టడం, మారాం చేయడం, తనను తాను గాయపరచుకొనడం ఆ పది వర్గాలలో ఉన్నాయి, భయానికీ చోటుంది, దిగులుకు మాత్రం ప్రత్యేక వర్గం లేదు. ఇతరులను ఇబ్బంది పెట్టేవాడు లెక్కకు వస్తాడు. మూలన ముడుచుకొని కూర్చున్నవానికి సున్నా రావచ్చు.

ఆ సున్నాను ఆరోగ్యమని భ్రమపడరాదు. నిద్ర తగ్గినా, తిండి మానినా ‘వాడి బుద్ధే అంత’ అని సరిపెట్టుకొనడం వైద్యులలో సైతం కనిపించే పొరపాటు. బుద్ధిమాంద్యం చిన్ననాటి నుండి ఉండేది; దిగులు నడుమ వచ్చేది, చికిత్సకు లొంగేది. కనుక ఈ మాపనిని వాడే ఉపాధ్యాయుడు మరొక ప్రశ్న కూడ వేసుకొనవలె: నెల క్రిందట ఉన్నట్లే ఈ బిడ్డ ఉన్నాడా? లేకున్నచో, ఆ మార్పు ఎప్పుడు మొదలయిందో వ్రాసి మానసిక వైద్యునికి చూపించవలె.