ఈడిపస్ దోషం ఏది?

‘ఈడిపస్ పతనానికి అతని అహంకారమే కారణం.’ విషాద నాటకం మీద ప్రశ్న వస్తే ఎక్కువ జవాబు పత్రాల్లో కనిపించే వాక్యం ఇది. మార్కులు పడవచ్చు గాని, నాటకం చదివినవాడు రాయవలసిన వాక్యం కాదు. ఎందుకో చూడండి.

విషాద నాటక నాయకుడు పరమ ధర్మాత్ముడూ కాకూడదు, దుర్మార్గుడూ కాకూడదు. ఏదో ఒక ‘హమార్టియా’ వల్ల అతడు పతనం కావాలి అని అరిస్టాటిల్ ‘పొయెటిక్స్’లో చెప్పాడు. ఆ గ్రీకు మాటకు గురి తప్పడం అని అర్థం. తరువాతి విమర్శకులు చాలామంది దాన్ని ‘శీలదోషం’గా మార్చారు. శీలదోషం మనిషిలో ఉండేది, గురి తప్పడం మనిషి చేసేది. ఈ తేడా మరిస్తే విమర్శ కాస్తా తీర్పు చెప్పడం అవుతుంది.

సోఫోక్లిస్ నాటకం మొదలయ్యేసరికే తండ్రిని చంపడం, తల్లిని పెళ్లాడడం జరిగిపోయాయి. మూడు దారులు కలిసేచోట ఎదురైన ముసలివాణ్ణి ఈడిపస్ కోపంతో చంపిన మాట నిజమే. అయితే అతణ్ణి దారిలోంచి బలవంతంగా నెట్టబోయిందీ, నెత్తిన కొట్టిందీ ఆ ముసలాయన పక్షమే. రంగస్థలం మీద మనం చూసేది మాత్రం విచారణ. థీబ్స్ మహమ్మారితో అల్లాడుతోంది. పాత రాజు లేయస్‌ను చంపినవాణ్ణి పట్టి తీరతానని ఈడిపస్ ప్రజల ముందు శపథం చేస్తాడు. టైరీసియస్ నోరు విప్పనంటే కసిరి చెప్పిస్తాడు. విన్నాక అదంతా క్రియాన్ పన్నిన కుట్ర అంటాడు. తొందరపాటు ఉంది, కోపం ఉంది, కాదనను. కాని ఇక వెతకవద్దని జొకాస్టా బతిమాలే ఘట్టం దగ్గర ఆగండి. అక్కడ ఊరుకుంటే తాను బతికిపోయేవాడేమో. నగరానికి విముక్తి ఉండేది కాదు. అతడు ఊరుకోలేదు. స్ఫింక్స్ పొడుపుకథ విప్పి థీబ్స్‌ను కాపాడిన పట్టుదలే ఇది. ప్రజలు సింహాసనం ఎక్కించింది దీన్ని చూసే. దీన్ని గుణం అనాలా, దోషం అనాలా?

మాక్‌బెత్ దగ్గర ఇంత చిక్కు లేదు. నిద్రిస్తున్న డంకన్‌ను చంపడం తప్పని అతనికి తెలుసు, తెలిసే చంపుతాడు. ‘రాజ్యకాంక్ష’ అన్న ఒక్కమాట జవాబు అక్కడ చాలావరకు చెల్లుతుంది.

సంస్కృత నాటకాలన్నీ మంగళాంతాలే అని మీరు విని ఉంటారు. భాసుడిదిగా చెప్పే ‘ఊరుభంగం’ అందుకు పెద్ద మినహాయింపు. దుర్యోధనుణ్ణి ‘అభిమానధనుడు’ అంటాం. ఆ మాటలో మెప్పూ ఉంది, అతని చేటూ ఉంది. భీముడి గదాఘాతానికి తొడలు విరిగి పడి ఉన్నప్పుడు కొడుకు దుర్జయుడు వచ్చి అలవాటుగా ఒడిలో కూర్చోబోతాడు. తండ్రి వద్దంటాడు. నిండుసభలో ద్రౌపదికి చూపిన తొడ ఇదేనని ప్రేక్షకుడికి తెలుసు, ఆ పసివాడికి తెలియదు. పగ తీరుస్తానని అశ్వత్థామ వచ్చినప్పుడు, పాండవులకు తాను చేసిన అన్యాయాలను దుర్యోధనుడే ఎత్తి చూపుతాడు. తనను సేవించినట్టే పాండవులనూ సేవించమని కొడుక్కి చెబుతాడు.

ఈ ఘట్టాన్ని ఈడిపస్ నిజం తెలుసుకునే ఘట్టంతో కలిపి చదవండి. తన తప్పు తనకు తెలిసిన క్షణంలో ఎవరి మాటల్లో అభిమానం తగ్గింది, ఎవరి మాటల్లో ఇంకా నిలిచి ఉంది అన్నది నాటకాల్లోని సంభాషణలను ఆధారంగా చూపి రాయండి.