చేతితో నేర్చు విజ్ఞానము: ఒక విమర్శ

అమీర్‌పేట అనగానే కంప్యూటరు కోర్సుల బోర్డులును, మైత్రీవనము చుట్టుపట్లనున్న శిక్షణ సంస్థలును స్ఫురించును. ఉద్యోగము కోరి వచ్చు యువకులకు అది పెద్ద బడి. ఇప్పుడు ఆ పేటలోను, ప్రక్కనున్న పంజగుట్టలోను, చిన్నపిల్లలకు విజ్ఞానమును, చిత్రకళను చేతితో చేయించి నేర్పుదుమను స్థలములు కూడ వెలియుచున్నవి. నల్లబల్లను చూచి వ్రాసుకొనుటకే అలవాటుపడిన పిల్లలకు ఇది మేలైన మార్పే. అయితే చేయి కదలినంతనే బుద్ధి కదలునా అన్నది ఆలోచింపవలసిన ప్రశ్న.

ఇట్టి తరగతులలో ప్రసిద్ధమైనది అగ్నిపర్వతపు నమూనా. మట్టితో కొండ చేసి, ఎర్రరంగు పూసి, దాని నోటిలో వంటసోడా ఉంచి వెనిగరు పోయుదురు. నురుగు పొంగును, పిల్లలు చప్పట్లు కొట్టుదురు. ఇరువదిమంది చేసినను కొండలన్నియు ఒక్కటే. ఏమి జరుగునో ముందే చెప్పబడినది గనుక ప్రశ్నకు తావులేదు. చిత్రకళ రంగు పూతతో ముగిసినది. పైగా నిజమైన అగ్నిపర్వతమున జరుగునది ఈ రసాయన చర్య కాదు. కరగిన రాతిలో ఇమిడియున్న నీటి ఆవిరి మొదలగు వాయువులు, పైకి వచ్చుకొలది ఒత్తిడి తగ్గి, ఉబుకును. ఈ భేదము చెప్పనిచో పిల్లల మనసులో తప్పుడు భావము నాటుకొనును.

ఆ సామగ్రితోనే నిజమైన ప్రయోగము చేయింపవచ్చును. మూడు సీసాలలో 30 మిల్లీలీటర్ల చొప్పున వెనిగరు పోయవలెను. మూడు రబ్బరు బుడగలలో వరుసగా 1, 2, 4 గ్రాముల సోడా వేసి సీసాల మూతులకు తొడగవలెను. బుడగలను ఎత్తకముందే, ఏది ఎంత ఉబ్బునో పిల్లలచేత ఊహించి వ్రాయింపవలెను. నాలుగు గ్రాములది మిక్కిలి పెద్దదగునని చాలమంది అనుకొనుట సహజము. కాని అది రెండు గ్రాముల బుడగను కొంచెము మాత్రమే మించును. కారణమేమి? నూటికి 5 పాళ్లు ఆమ్లమున్న వెనిగరు 30 మిల్లీలీటర్లలో ఆమ్లము ఇంచుమించు 1.5 గ్రాములు. దానికి 2.1 గ్రాముల సోడా చాలును. తక్కినది చర్య లేక మిగిలిపోవును. ఆ సీసాలో మరికొంత వెనిగరు పోసినచో మరల పొంగు వచ్చును. పిల్లలే దీనిని పరీక్షించి చూడగలరు. బుడగల చుట్టుకొలతను దారముతో కొలిచి, మూడింటిని ప్రక్కప్రక్కన గీయింపుడు. ఆ బొమ్మయే వారి మొదటి గ్రాఫు. కళ విజ్ఞానమునకు అలంకారము కాక, చూపునకు సాధనమగుట ఇక్కడనే.

1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియమును స్థాపించిన భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ ఆశయమును ఇదియే: చూడవచ్చినవారు వస్తువులను తామే మార్చి, ఫలితమును గమనింపవలెను. కళాకారులకును ఆయన అక్కడ చోటు కల్పించెను.

మన నగరమున నౌబత్ పహాడ్‌పై 1985లో ప్రారంభమైన బిర్లా నక్షత్రశాల, దాని చెంతనున్న విజ్ఞాన ప్రదర్శనశాల ఉన్నవి. యామన్‌పల్లి వద్ద దొరికిన కొటాసారస్ అను రాక్షసిబల్లి అస్థిపంజరమును అక్కడ చూచిన పిల్లలు ఆ పరిమాణమును మరువలేరు. అట్టి అనుభవమును పేటలోని చిన్నగది ఈయజాలదు. కాని నేడు తప్పిన ఊహను వచ్చేవారము సరిదిద్దుకొనుటకు వీలిచ్చునది ఆ చిన్నగదియే. ఆ వీలును కూడ కొండకు రంగుపూయుటకే ఖర్చుచేసినచో తల్లిదండ్రుల రుసుము, పిల్లల కుతూహలము రెండును వృథా.

కావున ఇట్టి స్థలమును చూడబోవు ఉపాధ్యాయులు మూడు సంగతులు విచారింపవలెను. పిల్లలు ఫలితమును మార్చగలరా? తప్పుగా ఊహించుటకు స్వేచ్ఛ కలదా? మరల చేయుటకు సమయమున్నదా? ఈ మూడును ఉన్నచో ప్రభుత్వ పాఠశాల వరండా కూడ విజ్ఞానశాలయే. అందుకు కావలసినవి మూడు సీసాలు, మూడు బుడగలు, కొంచెము ఓపిక.